గుసల్‌ఖానాలో మెహమాన్

జూలైలో మొదటి పెద్ద బారిష్ పడ్డ రాత్రి మా గుసల్‌ఖానా గోడకు ఒక చెట్టుకప్ప అతుక్కుని కూర్చుంది. కొత్తేం కాదు. దుమ్ముగూడెంలో, గోదారికి ఇంత దగ్గరగా ఉన్న ఇళ్ళల్లో, వానాకాలమంతా ఇవి మనతోపాటే కాపురం చేస్తాయి. మా నానీ బతికున్నప్పుడు వీటిని చూసి చీపురు ఎత్తేది కాదు. "మెహమాన్ వచ్చింది, పక్కకి జరిగి నీళ్ళు పోసుకో" అనేది.

ఈసారి మావాడు దాన్ని పట్టుకుని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాడు. ఏడో క్లాసు పిల్లాడు. ఆకుపచ్చటి విదేశీ కప్పల్ని గాజుపెట్టెల్లో పెంచేవాళ్ళ వీడియోలు ఫోన్‌లో చూశాడట. "అమ్మీ, దీన్ని నేను పాల్తా" అన్నాడు. వాడి షౌక్ చూసి ముచ్చటేసింది. సరే అన్నాను. ఆ సరే అన్నందుకే ఇదంతా రాస్తున్నాను.

మూడు రోజుల్లో మేం చేసిన గల్తీలు చెప్తాను. డబ్బా అడుగున నల్లా నీళ్ళు పోశాం. బ్లీచింగ్ వాసన మన ముక్కుకే తెలుస్తుంటే దాని ఒంటికి ఎట్లా ఉంటుందో ఆలోచించలేదు. అన్నం మెతుకులు వేశాం, చచ్చిన ఈగలు వేశాం. ముట్టలేదు. బాగా కనపడుతుందని డబ్బాను కిటికీలో పెట్టాం. పదకొండింటి ఎండ సీదా దానిమీదే పడింది. సాయంత్రం మావాడి దోస్తులొచ్చి ఒకరి తర్వాత ఒకరు చేతుల్లోకి తీసుకున్నారు. ఒకడి చేతికి సబ్బు, ఇంకొకడి చేతికి కారప్పూస ఉప్పు.

మూడోరోజు ఫజర్‌కి లేచి చూస్తే మూలన పడి ఉంది. రంగు పాలిపోయింది. ఈ కప్ప రంగు మార్చుకోవడం మామూలే కానీ, కాళ్ళు అట్లా వదిలేసి పడుకోవడం మామూలు కాదు. గొంతు కింద చర్మం మాత్రం సన్నగా కొట్టుకుంటోంది. మావాడు ఏడుపు మొదలుపెట్టాడు. నాకు ఏడుపు రాలేదు, షర్మ్ వచ్చింది. ఇంట్లో పెద్దదాన్ని నేను. వాడికి తెలియదు సరే, నాకైనా తెలియాలి కదా.

అప్పుడు చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. ముందే చేయాల్సిన పని అది.

కప్ప మనలాగా నోటితో నీళ్ళు తాగదు. ఒంటితో, ముఖ్యంగా పొట్ట కింది చర్మంతో పీల్చుకుంటుంది. ఊపిరిలో కొంత భాగం కూడా ఆ తడి చర్మంగుండానే. అంటే నీళ్ళలో క్లోరిన్ ఉన్నా, మన చేతికి సబ్బో, ఉప్పో, దోమల క్రీమో ఉన్నా, అదంతా దాని లోపలికే పోతుంది. మనం ముద్దుగా ముట్టుకోవడం దానికి జహర్. కదిలే పురుగునే అది తిండి అనుకుంటుంది. చచ్చిన ఈగ దాని కళ్ళకు ఆనదు. మింగేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది చూడండి, ఆ కళ్ళు లోపలికి దిగి తిండిని గొంతులోకి నెడతాయి. రాత్రి తిరిగే జీవి. పగలు నీడలో కాళ్ళు ముడుచుకుని కదలకుండా కూర్చోవడమే దాని నిద్ర. మనం కిటికీలో పెట్టి ఆ నిద్రే పాడుచేశాం.

పెద్ద బకెట్ కడిగి, సబ్బు పెట్టకుండా, నీడలో పెట్టాం. చూరు కింద పట్టిన వాననీళ్ళు ఒక చిన్న మూకుట్లో, దాని పొట్ట తడిసేంత లోతున పోశాం. జామకొమ్మ ఒకటి ఆకులతో సహా నిలబెట్టి, పైన దోమతెర గుడ్డ కట్టాం. పెరట్లో పట్టిన కీచురాళ్ళు రెండు వదిలాం. మిరపచేనులోవి వద్దన్నాను, అక్కడ మందు కొడతారు. ఆ రాత్రి తినలేదు. మరుసటి రాత్రి ఒక కీచురాయి మాయమైంది. మావాడు ఈద్ చాంద్ కనపడ్డట్టు ఇల్లంతా కేకలు పెట్టాడు.

ఇంకో రెండు రోజులు చూసి, మగ్రిబ్ తర్వాత గుసల్‌ఖానా గోడమీదికి, పట్టుకున్న చోటికే వదిలేశాం.

పెంచడమే తప్పని నేను అనడం లేదు. రసూలుల్లాహ్ కాలంలో అబూ ఉమైర్ అనే పసివాడికి ఒక చిన్న పిట్ట ఉండేది. ఆయన వచ్చినప్పుడల్లా ఆ పిట్ట గురించి వాణ్ణి పలకరించేవారని, అది చనిపోతే వాడి దిల్ తేలికపరిచారని హదీస్‌లో ఉంది. పిల్లల షౌక్‌ని ఆయన కసిరికొట్టలేదు. అదే హదీస్ కితాబుల్లో పిల్లిని కట్టేసిన ఔరత్ కథ కూడా ఉంది. తిండి పెట్టలేదు, పోయి తినమని వదలనూ లేదు. అందుకు అజాబ్ పాలైంది. ఒక హకీమ్ దవాలో కప్పను వాడొచ్చా అని అడిగితే దాన్ని చంపడం కూడదన్నారు. నేను ఆలిమాను కాను, ఫత్వా ఇవ్వడం లేదు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక అమ్మీగా నాకు అర్థమైంది చెప్తున్నాను. పెంచే ఇజాజత్ ఉంది. దాని హక్ ఏమిటో తెలుసుకోకుండా మూత పెట్టే ఇజాజత్ లేదు.

"పిల్లలు పట్టుకోకపోతే ఎట్లా నేర్చుకుంటారు?" అని మా భాయిజాన్ అడిగాడు. వాజిబ్ సవాలే. అడవి అంచున పుట్టిన పిల్లలు కూడా ఫోన్‌లోనే కప్పను చూస్తున్న జమానా ఇది. కానీ మావాడు డబ్బాలో ఉన్నప్పుడు దాని గురించి నేర్చుకున్నది ఏమీ లేదు. గోడమీదికి పోయాక నేర్చుకున్నాడు. పగలు ఎక్కడ దాక్కుంటుంది, బల్బు కింద పురుగుల కోసం ఎన్నింటికి వస్తుంది, టక్ టక్ మని పిలిచేది మగదని, అన్నీ ఇప్పుడు వాడే నాకు చెప్తున్నాడు. ఇంగ్లీషు దొరలు దీన్ని చునామ్ ఫ్రాగ్ అన్నారని కూడా వాడే కనిపెట్టాడు. చునామ్ అంటే మన సున్నమే.

గోడమీద కప్ప చాలదు, ఆ ఆకుపచ్చదే కావాలి అనేవాళ్ళకు ఒక మాట. పెంపుడు కప్పల్లో బాగా పేరున్న వైట్స్ ట్రీ ఫ్రాగ్ ఆస్ట్రేలియా, న్యూగినీ వైపు జీవి. బాగా చూసుకుంటే పదిహేనేళ్ళ పైన బతుకుతుంది. మన మే నెల 45 డిగ్రీల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో, దాన్ని చల్లగా, తడిగా ఉంచాలి. ఏడాది పొడుగునా బతికున్న పురుగులు దొరకాలి, వాటిమీద కాల్షియం పొడి చల్లాలి. వాడు ఏడో క్లాసు నుంచి కొలువు దొరికేదాకా ఇంట్లో ఎవరో ఒకరు ఈ జిమ్మేదారీ మోయాలి. విసుగొచ్చి వాగులో వదిలేద్దామంటే అదింకా పెద్ద జుల్మ్. కైట్రిడ్ అనే ఫంగస్ ఇట్లాగే మనుషుల వ్యాపారంతో దేశదేశాలకూ పాకింది. దానివల్ల 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయని, వాటిలో 90 అంతరించి ఉంటాయని 2019లో శాస్త్రజ్ఞులు లెక్క తేల్చారు. మనది అడవి అంచు. కప్ప కాళ్ళ ఎగుమతినే 1987లో ఆపేసిన దేశం మనది. అడవి జీవుల్లో ఏది పట్టొచ్చు, ఏది పట్టకూడదు అన్నది ఫారెస్టు వాళ్ళను అడిగి తెలుసుకోవాల్సిన సంగతే.

ఆగస్టులో మాకు ఇంకో ఇంతెహాన్ వచ్చింది. పెరట్లో గోలెం అంచున, నీళ్ళకు కొంచెం పైన, తెల్లటి నురగ ముద్ద. ఆడకప్ప ఒంటినుంచి వచ్చే జిగురును వెనక కాళ్ళతో గిలక్కొట్టి కట్టే గూడు అది. గుడ్లు అందులో తడిగా ఉంటాయి. కొన్ని రోజులకు తోకకప్పలు కింద నీళ్ళలోకి రాలిపడతాయి. సరిగ్గా అప్పుడే శుక్రవారం డ్రై డే అని ఆశా అక్క వచ్చింది. నిలవ నీళ్ళు పారబోయమంది. ఆమె మాట సహీ. ఏజెన్సీలో మలేరియా, డెంగీ అంటే ఏమిటో మాకు చెప్పనక్కర్లేదు. మావాడు గోలేనికి అడ్డం నిలబడ్డాడు.

కప్ప ముఖ్యమా, పిల్లల జ్వరాలు ముఖ్యమా అని తేల్చేయడం ఆసాన్. ఆశా అక్కే ఉపాయం చెప్పింది. గోలెం మూతి మొత్తం దోమతెరతో బిగించి కట్టాం, దోమ దూరి గుడ్లు పెట్టకుండా. అప్పటికే ఉన్న దోమపిల్లల్ని టీ జాలీతో తీసేశాం. మిగతా తొట్లన్నీ పారబోశాం. కాళ్ళొచ్చిన పిల్లకప్పలు పైకి ఎక్కడం మొదలయ్యాక సాయంత్రాలు తెర విప్పి అరటిచెట్టు మొదట్లో వదిలాం. నాకు తెలిసి మా ఇంట్లో జరిగిన అసలైన పెంపకం అదే. ఒక్కదాన్ని కూడా చేత్తో ముట్టుకోలేదు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు మేం ఇల్లు వదిలి పోయాం. తిరిగొచ్చి తలుపు తీస్తే, బురద పట్టిన గోడమీద ముందు కనపడిన మఖ్లూఖ్ ఇదే. అప్పుడు ఆ ఇంటికి మాలిక్ ఎవరు, మెహమాన్ ఎవరు? నానీ మాట నేను సగమే అర్థం చేసుకున్నాను అనిపిస్తుంది.

మీ పిల్లలు కూడా కప్పను పట్టుకొచ్చి పాల్తానంటే తిట్టకండి. డబ్బా మాత్రం ఇవ్వకండి. గుసల్‌ఖానాలో ఫినాయిల్ కొంచెం తగ్గించండి, వెంటిలేటర్ తెరిచి పెట్టండి, రాత్రి టార్చి ఇచ్చి దూరంనుంచి చూడమనండి. నీళ్ళు పోసుకునేటప్పుడు కొంచెం పక్కకి జరగమనండి.