వలీఖాన్ వేషం మాకే ఎందుకు?

నాటకానికి కులం లేదు, మతం లేదు అని మన రంగస్థల పెద్దలు మైకు దొరికినప్పుడల్లా చెప్తుంటారు. మైకు ముందు మాటలు సరే. వేషాలు పంచే రోజున ఆ గదిలో ఒక మూల కూర్చుని చూడండి. పదిహేను, పదహారేళ్ల పిల్లలు వరసగా నిలబడి ఉంటారు. ఒక పెద్దమనిషి పేరు అడుగుతాడు, ఎత్తు చూస్తాడు, చేతిలో నాలుగు డైలాగుల కాగితం పెడతాడు, ఒక పద్యం ఎత్తుకోమంటాడు. ఎవరి చేతికి ఏ కాగితం పోవాలో పేరు అడిగినప్పుడే తేలిపోతుంది. పిల్లవాడు నోరు తెరవకముందే తేలిపోతుంది.

వేదం వేంకటరాయ శాస్త్రి గారి 'ప్రతాపరుద్రీయం' సంగతే తీసుకుందాం. 1897 నాటి నాటకం. కాకతీయ రాజుని ఢిల్లీ తురకలు ఎత్తుకుపోతారు. మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషం కట్టి ఢిల్లీ పోయి రాజుని విడిపించుకొస్తాడు. రాజు పోలికలున్న చాకలి పేరిగాడు ఒకడున్నాడు, నవ్వించి చంపుతాడు. కుర్రవాళ్లతో ఆడించడానికి ఇంత సరదా అయిన పాత నాటకం మనకి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కూడా లేవు.

మా బంధువుల పిల్లవాడు ఒకడు ఈ నాటకం ఎంపికకి పోయాడు. మేం దూదేకుల వాళ్లం. ఇంట్లో తెలుగే, వీధిలో తెలుగే, కలలో కూడా తెలుగే. వాడు యుగంధరుడి పిచ్చిమాటలు మొత్తం కంఠతా పట్టాడు, వారం రోజులు ఇంట్లో ఎవర్నీ నిద్రపోనివ్వలేదు. తీరా పోయి పేరు చెప్పగానే, "నీకు ఉర్దూ వచ్చుగా, వలీఖాన్‌ది చదువు" అన్నారు. రాదన్నాడు. "పర్లేదు, ఆ యాస మీకు సహజంగా వచ్చేస్తుంది" అన్నారు. రాలేదు. చివరికి ఆ యాస వాడికి నేర్పించాల్సొచ్చింది. నేర్పినాయనకీ ఉర్దూ రాదు, సినిమాల్లో విన్నాడు. తెలుగు సినిమా సాయిబు ఎట్లా మాట్లాడతాడో ఒక తెలుగు సాయిబు పిల్లాడికి పాఠం చెప్పడం! ఇంతకంటే పెద్ద ప్రహసనం వేదం వారు కూడా రాయలేదు.

సహజత్వం అన్నారు కాబట్టి ఆ మాట పట్టుకుని అడుగుతున్నాను. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేస్తే, మధురవాణి వేస్తే తెలుగుదేశం ముగ్ధమైపోయింది. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. మగవాడు సత్యభామ కావచ్చు, దానికి అడ్డం రాని సహజత్వం తురక పిల్లాడు యుగంధరుడు కావడానికి అడ్డం వచ్చిందా? బుర్రకథ నాజర్ చిన్నతనంలో పౌరాణిక నాటకాల్లో ఆడవేషాలు కట్టాడు. పొన్నెకల్లు దూదేకుల ఇంట పుట్టిన మనిషి. ఆ నాజర్ని నెత్తిన పెట్టుకున్నామని చెప్పుకునే వాళ్లే ఇవాళ ఆయన మనవల వయసు పిల్లవాడికి గడ్డం అతికించి ఒక మూల నిలబెడుతున్నారు.

హిందూ పిల్లవాడు వలీఖాన్ వేస్తే ఆ గడ్డం మేకప్ గదిలోనే ఊడిపోతుంది. మా పిల్లవాడు వేస్తే వేషం తీసేశాక కూడా బడిలో "ఏం ఖాన్?" అనే పిలుస్తారు. ఈ తేడా దర్శకుడికి తెలియదని నేననుకోను. తెలిసే, అది తనకి సంబంధించిన విషయం కాదనుకుంటాడు.

వేదం వారి మీద నాకు కక్ష లేదు. అందరూ గ్రాంథికంలో గంభీరంగా పలుకుతున్న రోజుల్లో ఎవరి భాష వాళ్ల నోట పలికించాలని పట్టుబట్టినవాడు. పేరిగాడి భాషలో ప్రాణం ఉంది. అయితే పాత్రోచిత భాష అనేది ఎవరి చెవికి వినిపించిన భాష? చాకలి మాటా, తురక మాటా శాస్త్రి గారి అరుగు మీద నుంచి వినబడినట్టే ఉన్నాయి. కాకతే పేరిగాడి మీద నవ్వు ప్రేమగా నవ్వుతాం, తురక మీద నవ్వు గెలిచినట్టు నవ్వుతాం. నాటకాన్ని ఆపేయమని నేను అడగడం లేదు. ఆపేస్తే పోయేది మా యుగంధరుడు కూడా.

మా యుగంధరుడు అని ఊరికే అనలేదు. చరిత్రలోకి రండి. 1323లో ఓరుగల్లు పడింది. పట్టింది ఉలుగ్ ఖాన్, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ తీసుకుపోతుంటే దారిలోనే నర్మద ఒడ్డున చనిపోయాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస శాసనం చెప్తుంది. ఎవరూ విడిపించుకు రాలేదు. నాటకం కదా, తెచ్చుకున్నారు, ఓడినవాళ్లకి ఆ మాత్రం హక్కుంది. కానీ అదే ఓరుగల్లు నుంచి ఇంకో తెలుగువాడు నిజంగానే ఢిల్లీ చేరాడు. కాకతీయుల కొలువులో ఉన్నవాడు, ఇస్లాం పుచ్చుకుని మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలానికి వజీరయ్యాడు. ఖాన్-ఎ-జహాన్ మక్బూల్ తిలంగానీ. ఆయనకి చదవడం రాయడం రాదనీ, అయినా మహా తెలివిగలవాడనీ షమ్స్ సిరాజ్ అఫీఫ్ రాశాడు. ఢిల్లీ నిజాముద్దీన్‌లో ఎనిమిది పలకల సమాధి ఇప్పటికీ ఉంది. పేరు చివర తిలంగానీ అని, మన దేశం పేరు, చచ్చినా వదల్లేదు.

మరి 'తురకలు' ఒకవైపు, 'తెలుగువాళ్లు' ఒకవైపు అని గీత గీసి పిల్లల్ని రెండు వరసల్లో నిలబెట్టేటప్పుడు మక్బూల్‌ని ఏ వరసలో నిలబెడతారు? పిఠాపురంలో కూర్చుని తెలుగులో పద్యాలూ నాటకాలూ రాసిన ఉమర్ ఆలీషాని ఏ వరసలో? ఈ పేర్లు నాటకం ఆడించే వాళ్లకి తెలియకపోవడం ఒక ఎత్తు, ఆడే పిల్లవాడికి తెలియనివ్వకపోవడం ఇంకో ఎత్తు. పదిహేనేళ్ల వయసులో "నువ్వు ఈ భాషకి చుట్టపు చూపుగా వచ్చావు" అని ఒక కాగితం చేతిలో పెట్టి చెప్తే, వాడు దాన్ని నమ్ముతాడు. మీరు నమ్మించిన తర్వాత, వీళ్లు ప్రధాన స్రవంతిలో కలవడం లేదని మీరే వ్యాసాలు రాస్తారు.

లౌకికవాద మిత్రులు కొందరు ఇంకో రకం. వాళ్లు మా పిల్లల్ని 'రామదాసు' నాటకానికి పిలుస్తారు. తానీషా వేషం ఇస్తారు. మంచి తురక! గుడికి తలంబ్రాలు పంపిన తురక! అబుల్ హసన్ మీద మాకూ ప్రేమే. అయినా చెడ్డ తురకో, మంచి తురకో, ఎప్పుడూ తురకేనా? రామదాసు వేషం మా వాడు కడితే ఏ భద్రాచలం కూలుతుంది?

మావాళ్ల సంగతీ చెప్పాలి. నాటకాలు మనకి తగవని, హరామనీ, వేషం కట్టినవాడికి పిల్లనెవరిస్తారనీ గొణిగే పెద్దలు మా వాడల్లో తక్కువేం లేరు. ఆడపిల్లల మాట అసలే ఎత్తనివ్వరు. ఎంపిక గదిలో మా అమ్మాయిలు ఒక్కరూ కనిపించకపోవడానికి దర్శకుడొక్కడే కారణమంటే అబద్ధం. నాటకం మనది కాదని ఆ గదిలో వాళ్లూ అంటున్నారు, ఈ గదిలో వీళ్లూ అంటున్నారు. ఈ ఒక్క విషయంలో ఇద్దరికీ భలే సఖ్యత.

చేయాల్సింది పెద్ద కష్టమేం కాదు. వచ్చిన ప్రతి పిల్లవాడి చేతా అన్ని పాత్రలూ చదివించండి. పేర్లు చివర్లో అడగండి. వలీఖాన్ పాత్రకి అసలైన ఉర్దూ కావాలనుకుంటే ఉర్దూ వచ్చినవాళ్లతో రాయించుకోండి, సినిమా యాస కట్టిపెట్టండి. రిహార్సల్ రంజాన్‌లో పడితే ఇఫ్తార్ వేళకి ఓ పావుగంట వదలండి. అయ్యప్ప దీక్ష పట్టిన కుర్రవాడికి పూజ వేళకి వదులుతూనే ఉన్నారు కదా, అట్లాగే.