ముందు ఆగాలి... ఆ తర్వాతే పరిగెత్తాలి

మా గరాజ్‌లో ఓ పెద్దాయన మకాం పెట్టాడు. పుట్టింది 1972లో. పేరు డాట్సన్ 240జెడ్. పొడుగాటి ముక్కు, పొట్టి తోక, రెండే సీట్లు. మా నాన్న పుట్టిందీ అదే ఏడాది. వీడియో కాల్‌లో చూపిస్తే ఆయనన్న మొదటి మాట: "ఒరేయ్, నాకే కీళ్లు అరిగిపోయాయి. దానికి అరగవా?"

నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు. నాది కాలిఫోర్నియాలో కోడ్ రాసుకునే ఉద్యోగం. ఈ పాత స్పోర్ట్స్ కారుని హాట్ రాడ్‌గా మార్చి లాంగ్ ట్రిప్పులు తిరగాలని నా కోరిక.

హాట్ రాడ్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. 1930ల్లో ఇక్కడి కుర్రాళ్లు పాత ఫోర్డులు కొని, బరువు తగ్గాలని మడ్‌గార్డులు పీకేసి, ఇంజిన్‌కి పదును పెట్టి, మ్యురాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల్లో పందేలు వేసుకునేవాళ్లు. 1932లో ఫోర్డ్ వి8 వచ్చాక వాళ్లకి పండగే. ఒక బండి సామాను ఇంకో బండికి అతికించడం అన్నమాట. ఆటోనగర్ మనిషికి ఇది మనం చెప్పాలా?

నా మొదటి ప్లాన్ ఎక్సెల్ షీట్‌లో ఘనంగా మొదలైంది. ఒరిజినల్ 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ తీసేసి, అమెరికన్ వి8 పెట్టేయడం! ఇక్కడ చాలామంది చేసే పనే. పైగా కాలిఫోర్నియాలో 1975 దాకా వచ్చిన పెట్రోల్ కార్లకి స్మాగ్ పరీక్ష లేదు. కానీ ఒక్క లైన్ మారిస్తే పది ఫైళ్లు ఎర్రబడతాయే, అచ్చం అలాగే అయింది. వి8 పెడితే గేర్‌బాక్స్ మారాలి. అది మారితే ప్రొపెల్లర్ షాఫ్ట్, ఆ తర్వాత డిఫరెన్షియల్, రేడియేటర్, బ్రేకులు... షీట్ కిందికి పోతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే మా ఆఫీసులో పక్క టీమ్ వాళ్లు ఇద్దరికి ఉద్యోగాలు పోయాయి. హెచ్1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది మహా అయితే 60 రోజులు. ఆ రాత్రి మా ఆవిడ గరాజ్ గుమ్మంలో నిలబడి ఒకటే అడిగింది: "రేపు మనకా గతి పడితే, ఈ ముక్కల్ని 60 రోజుల్లో ఎవరికి అమ్ముతావ్?"

సమాధానం లేదు. నడిచే కారుని ఎవరైనా కొంటారు. అట్టపెట్టెల్లో ఉన్న కారుకి మాత్రం ఇనుము రేటే.

మర్నాడు నాన్నకి ఫోన్ చేశా. ఆయన షీట్ చూడలేదు. "ఎక్కడికెళ్తావురా దీంతో?" అన్నారు. చెప్పా: టియోగా కనుమ ఎక్కి, 395 హైవే మీదుగా డెత్ వ్యాలీకి. కనుమ దగ్గర దాదాపు 10 వేల అడుగుల ఎత్తు. డెత్ వ్యాలీలో అట్టడుగు చోటు సముద్రమట్టానికి 282 అడుగుల కింద. "అంత ఘాట్ దిగాలంటే ముందు ఆగడం నేర్పించు. పరిగెత్తడం తర్వాత" అన్నారు.

ప్లాన్ తిరగరాశా. రూల్ ఒకటే: ప్రతి దశ చివర కారు కదలాలి.

మొదటి దశ: తుప్పు, బ్రేకులు. ఈ కారుకి విడి ఛాసిస్ లేదు, బాడీయే ఎముక. ఫ్లోర్ కింది రెయిల్స్, బ్యాటరీ కింది భాగం తింటే ఇంకేం చేసినా దండగే. ముందు బ్రేకులకి పాత టొయోటా పికప్ ట్రక్కువి నాలుగు పిస్టన్ల కాలిపర్లు. పాత రబ్బరు గొట్టాలన్నీ చెత్తబుట్టలోకి. డిక్కీ తలుపు రబ్బరు కూడా కొత్తది వేయాలి. అది అరిగితే సైలెన్సర్ పొగ లోపలికొస్తుంది. నిద్రొస్తోందనుకుంటాం గానీ, అది విషం.

రెండో దశ: చల్లదనం, కరెంటు. అల్యూమినియం రేడియేటర్, హెడ్‌లైట్లకి రిలేలు. ఒరిజినల్‌లో లైట్ల కరెంటంతా స్విచ్ గుండానే పోతుంది. యాభయ్యేళ్ల స్విచ్ చీకటి రోడ్డు మీద కాలిపోతే ఇక దేవుడే దిక్కు.

మూడో దశ: నాలుగు గేర్ల బాక్స్ బదులు తర్వాతి జెడ్ కార్లలో వచ్చిన ఐదు గేర్లది. హైవే మీద ఇంజిన్ అరుపు తగ్గుతుంది, పక్కనున్న మనిషితో మాట్లాడుకోవచ్చు. ఇంజిన్ కూడా అదే కుటుంబానికి చెందిన 2.8 లీటర్లది. కూర్చునే చోటు అదే కాబట్టి కోతలు, వెల్డింగులు పెద్దగా ఉండవు. వేగం పిచ్చికి ఈపాటి చాలు.

మొత్తం డబ్బులో మూడో వంతు ముట్టుకోకుండా పక్కన పెట్టా. పాత కారు మూత విప్పితే ఖర్చు చెప్పి రాదు.

మొదటి దశ అయిపోయింది. పోయిన ఆదివారం కొండదారిలో 40 మైళ్లు తిరిగొచ్చాం. నాలుగు మలుపుల దగ్గర కావాలని గట్టిగా తొక్కి చూశా. నిటారుగా ఆగింది. నాన్నకి చెబితే "ఇప్పుడు కారయింది" అన్నారు.

వి8 షీట్ మాత్రం తీసేయలేదు. పేరు మార్చా: 'గ్రీన్ కార్డ్ వచ్చాక' అని. మా ఆవిడ చూసి నవ్వింది. "అప్పటికి దీనికి వందో పుట్టినరోజు చేద్దాంలే!"