తాళం ఎవరిది?

2014 అక్టోబర్‌లో జర్మనీ వెళ్లిన అప్పటి చైనా ప్రధాని లీ కెచియాంగ్, చాన్స్‌లర్ ఏంజెలా మెర్కెల్‌కు ఓ చిక్కుముడిని కానుకగా ఇచ్చారు. లూ బాన్ తాళం. పేరుకే తాళం. చెవి లేదు, మేకు లేదు, జిగురూ లేదు. మామూలు రకంలో ఆరు ముక్కలు ఒకదాని గాడిలో మరొకటి ఒదిగి బిగుసుకుంటాయి. చివర దూర్చిన ముక్కే మొత్తాన్ని బంధిస్తుంది. విప్పడం ఎలాగోలా అయిపోతుంది, తిరిగి కూర్చడమే గగనం. లోపల ఖాళీ మిగలకుండా ఆరు ముక్కల్ని కూర్చే మార్గాలు 1,19,979 అని అమెరికా గణితవేత్త బిల్ కట్లర్ 1970ల్లో కంప్యూటర్‌తో లెక్క తేల్చారు.

అసలు చిక్కు పుట్టుకలో ఉంది. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు వడ్రంగి లూ బాన్ దీన్ని చేశాడని చైనీయులంటారు. కాదు, 3వ శతాబ్దపు వ్యూహకర్త జుగె లియాంగ్ అనేవారూ ఉన్నారు. ఆయన మరో పేరు మీద వారికిది కాంగ్‌మింగ్ తాళం. మేకుల్లేకుండా మందిరాలు నిలబెట్టిన వడ్రంగుల దేశం కాబట్టి నమ్మబుద్ధేస్తుంది. కానీ ఇలాంటి చిక్కుముడి కనిపించే పాత ముద్రణ 1698 నాటి ఫ్రెంచి చిత్రం. 1733 నాటి స్పెయిన్ పుస్తకంలోనూ ఉంది. చైనా పుస్తకాల్లో దొరికిన ఆనవాళ్లు మాత్రం 19వ శతాబ్దం నాటివి.