మూలనపడ్డ టిల్లరు మళ్లీ పొలానికి



పోయిన నెల ఈ పుటలో ఇంటి ఖర్చుల లెక్క రాసుకోవడం గురించి మాట్లాడుకున్నాం. ఈ నెల ఖాళీ సమయంలో చేసే ఒక పని గురించి మాట్లాడుకుందాం. మా కురవి వైపు పల్లెల్లో కొందరు ఉన్నారు. పొలం నుండి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కొని, అన్నం తిని, మళ్లీ చేతులకు నూనె మసి పూసుకుంటారు. పెరట్లో వేపచెట్టు కింద ఒక పాత పవర్ టిల్లరో, తుప్పు పట్టిన చిన్న ట్రాక్టరో ఉంటుంది. దాన్ని విప్పుతారు, తుడుస్తారు, బిగిస్తారు. ఇంట్లోవాళ్లు "ఆ ఇనుమును కిలోల లెక్కన అమ్మెయ్యరాదా?" అని విసుక్కుంటారు. వారు వినరు.

ఇది మంచి అలవాటేనా, డబ్బు దండగా, లేక ప్రమాదమా? చేసే పద్ధతిని బట్టి ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. ముందుగా ఒక మాట మనసులో పెట్టుకోండి. బాగుచేయడం వేరు, మార్చడం వేరు. బాగుచేయడానికి ఓపిక చాలు. మార్చడానికి ఓపికతో పాటు భయం కూడా ఉండాలి.

ఈ చిన్న యంత్రాలు ఎక్కడివి?

అమెరికాలో ఇంటి తోటల కోసం, చిన్న కమతాల కోసం తయారైన బుల్లి ట్రాక్టర్లను గార్డెన్ ట్రాక్టర్లు అంటారు. వీల్ హార్స్ అనే కంపెనీ 1946లో ఒక ఇంటి గరాజులో మొదలైంది. జాన్ డీర్ కంపెనీ 1963లో 110 అనే చిన్న ట్రాక్టరును తెచ్చింది. అరవై ఏళ్లు దాటినా అలాంటి పాత బండ్లను వెతికి కొని, విప్పి, పాత రంగే మళ్లీ వేసి నడిపించుకునేవారు అక్కడ వేలమంది ఉన్నారు.

మన దేశంలో ఆ పని చేసింది జపాను నుండి వచ్చిన పవర్ టిల్లరు. బెంగళూరులో వి.ఎస్.టి. కంపెనీ 1967లో మిత్సుబిషి సహకారంతో ప్రారంభమైంది. కేరళ ప్రభుత్వ సంస్థ కామ్కో 1973లో ఏర్పడి, కుబోటా సహకారంతో టిల్లర్లు చేసింది. ఆ తర్వాత 15, 18 హార్స్ పవర్ మినీ ట్రాక్టర్లు వచ్చాయి. వీటి అవసరం మీకు తెలియనిది కాదు. ఎడ్ల జతలు తగ్గిపోయాయి. మిరప, పత్తి సాళ్ల మధ్యకు పెద్ద ట్రాక్టరు దూరదు. ఎకరం, రెండెకరాల రైతుకు పెద్ద బండి అప్పు మోయలేని బరువు. అందుకే మూలనపడ్డ చిన్న బండికి ప్రాణం పోయగలిగితే, అది ఒక్క సరదాతో ఆగదు. ఒక కుటుంబానికి ఆసరా అవుతుంది.

కొనేముందు

పాత బండి చవకగా వస్తుందని తొందరపడకండి. కాగితాలు ఎవరి పేరున ఉన్నాయి, ఫైనాన్సు బాకీ తీరిందా అని అడగండి. విడిభాగాలు దొరుకుతాయా అని మానుకోటలోనో, ఖమ్మంలోనో నాలుగు షాపుల్లో విచారించండి. గేరుబాక్సు బాడీకి పగుళ్లు, వెల్డింగు మచ్చలు ఉన్నాయేమో చూడండి. ఇంజను పాడైతే బాగవుతుంది గాని, పగిలిన గేరుబాక్సు జేబును చాలాకాలం ఖాళీ చేస్తుంది. ఈ సరదాకు ఎంత పెట్టాలో ముందే ఇంట్లో కూర్చొని నిర్ణయించుకోండి. పిల్లల ఫీజు డబ్బు, విత్తనాల డబ్బు ఇందులోకి రాకూడదు. అప్పు చేసి సరదా అసలే వద్దు.

హ్యాండిల్ పట్టుకునే ముందు

ఏళ్ల తరబడి నిలబడిన ఇంజనుకు వెంటనే హ్యాండిల్ వేసి తిప్పడం పెద్ద పొరపాటు. లోపల పిస్టన్ రింగులు తుప్పుతో బోరుకు అంటుకొని ఉండవచ్చు. బలవంతంగా తిప్పితే విరుగుతాయి. ఈ వరుసలో వెళ్లండి.

1. ఇంజను ఆయిలు పుల్ల తీసి చూడండి. ఆయిలు చాయ్ రంగులో ఉంటే అందులో నీళ్లు కలిశాయి. దించేసి కొత్తది పోయండి. దించిన ఆయిలును బావి దగ్గర, కాలువలో పారబోయకండి.

2. పాత డీజిలంతా తీసేసి ట్యాంకు కడగండి. అడుగున తుప్పు, నీళ్లు, బంక ఉంటాయి. ఫిల్టరు మార్చండి.

3. గాలి వడపోసే డబ్బా విప్పండి. అందులో కందిరీగలు, ఎలుకలు గూడు పెట్టడం మామూలే.

4. నాజిల్ విప్పి, ఆ రంధ్రంలో కొద్దిగా ఆయిలు పోసి ఒకటి రెండు రోజులు వదిలేయండి. ఆ తర్వాత డీకంప్రెషన్ లివరు ఎత్తి మెల్లగా చేత్తో తిప్పండి. తేలికగా తిరిగితేనే ముందుకు పోవాలి. నాజిల్ బిగించే ముందు ఆ ఎక్కువైన ఆయిలంతా బయటకు వచ్చేలా పదిసార్లు తిప్పండి.

5. డీజిలు లైనులో గాలి తీయండి. ఫిల్టరు దగ్గరి స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిలు నిండుగా వచ్చేదాకా ఆగి బిగించండి. తర్వాత పంపు దగ్గర కూడా అలాగే చేయండి.

ఈ ఐదో సంగతి తెలియక ఎందరో డబ్బు పోగొట్టుకుంటారు. మా మండలంలోనే ఒక అన్న టిల్లరు స్టార్టు కాలేదు. పంపు పోయిందని ఎవరో చెబితే పంపు విప్పించాడు, నాజిల్ మార్పించాడు, వేలకు వేలు పెట్టాడు. చివరకు చూస్తే ట్యాంకు నుండి వచ్చే రబ్బరు పైపుకు వెంట్రుకవాసి పగులు. అందులోనుండి గాలి లాగుతోంది. చౌకైన దాన్ని ముందు చూడాలి, ఖరీదైన దాన్ని చివర విప్పాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు ఒకేసారి మారిస్తే, ఏది రోగమో ఏది మందో తెలియదు.

విప్పేటప్పుడు ప్రతి దశలో సెల్‌ఫోనుతో ఫొటో తీయండి. నట్లు, వాషర్లు విప్పిన వరుసలోనే ఒక పాత చీర ముక్క మీద పేర్చుకోండి. హెడ్డు బోల్టులు ఒక చివరి నుండి బిగించకండి. మధ్యలో మొదలుపెట్టి, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించండి. లేకపోతే గ్యాస్కెట్ మళ్లీ కొడుతుంది.

హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలును మిగతా వేళ్ల పక్కనే ఉంచండి. చుట్టూ బిగించి పట్టుకోకండి. ఇంజను వెనక్కు కొడితే విరిగేది ఆ బొటనవేలే.

పొగ చెప్పే మాట

ఇంజను స్టార్టయింది. సంతోషమే! ఇప్పుడు పొగను చూడండి. నల్లపొగ వస్తే డీజిలు ఎక్కువగానో, గాలి తక్కువగానో అందుతోంది. ముందుగా గాలి ఫిల్టరు చూడండి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు కాలుతోంది. రింగులో, వాల్వు గైడ్లో అరిగాయి. తెల్లపొగ చల్లని ఇంజనుకు కాసేపు మామూలే. వేడెక్కాక కూడా ఆగకపోతే డీజిలు సరిగా మండడం లేదు, లేదా నీళ్లు లోపలికి చేరుతున్నాయి. కంప్రెషన్ తక్కువగా ఉండి, తిప్పేటప్పుడు గాలి గొట్టం వైపు బుస్సుమని వినిపిస్తే లోపం వాల్వులో ఉంది.

నాజిల్‌ను బయట పెట్టి పరీక్షించేటప్పుడు ఆ తుంపర ముందు వేలు పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మంలోనుండి లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది. అయినా ఆలస్యం చేయక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. లేకపోతే వేలు, కొన్నిసార్లు చెయ్యి పోయే ప్రమాదం ఉంది.

మార్పులు చేయాలనుకుంటే

ఇక అసలు సంగతి. బండి నడిచిన తర్వాత చేతులు ఊరుకోవు. "ఇంకొంచెం స్పీడు వస్తే బాగుండు, ఇంకొంచెం బలం వస్తే బాగుండు" అనిపిస్తుంది. ఒక యువకుడు నన్ను అడిగాడు: "అయ్యగారూ, ఇంజను పుల్లీ పెద్దది వేస్తే స్పీడు పెరుగుతది గదా, తప్పేముంది?"

"తమ్మీ, లెక్క వేద్దాం కూర్చో" అన్నాను. ఇంజను మీద 4 అంగుళాల పుల్లీ తీసి 5 అంగుళాలది వేస్తే వేగం నాలుగో వంతు పెరుగుతుంది. నిజమే. కాని లాగే బలం ఐదో వంతు తగ్గుతుంది. బ్రేకు మాత్రం పాతదే. అదే బ్రేకుతో బండి ఆగడానికి పట్టే దూరం సగానికి పైగా పెరుగుతుంది. పది అడుగుల్లో ఆగే బండి పదిహేను అడుగులు దాటినా ఆగదు. ఆ ఐదడుగుల్లో ఎవరు నిలబడి ఉంటారు? ఆ ప్రశ్నకు అతడు జవాబు చెప్పలేదు. పుల్లీ కూడా మార్చలేదు.

పెద్ద ఇంజను వేసినా ఇదే కథ. గేర్లు, ఇరుసు చిన్న ఇంజను బలానికి చేసినవి. పైగా రిజిస్టరైన బండికి ఇలాంటి మార్పులు చేయాలంటే, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి ఉండాలి.

అయితే మార్పే వద్దా? అలా అనడం లేదు. గుజరాత్‌లోని అమ్రేలి జిల్లా రైతు మన్‌సుఖ్‌భాయ్ జగానీ సంగతి చూడండి. ఎడ్లు మేపలేని కాలంలో తన బుల్లెట్ మోటారు సైకిలుకు వెనుక చక్రం తీసి, రెండు చక్రాలు, గుంటుక బిగించి సాళ్ల మధ్య దున్నాడు. దానికి భారతదేశంలోనూ, 2005లో అమెరికాలోనూ పేటెంటు వచ్చింది. మన ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఈ ఇద్దరూ చేసింది పక్కవాడి బండిని దాటిపోవడానికి కాదు. ఒక అవసరం, ఒక మనిషి నొప్పి ముందుగా వారి కళ్ల ఎదుట ఉంది.

కాబట్టి ఏ మార్పు చేసేముందైనా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరి నొప్పి తగ్గిస్తుంది? ఇది ఎవరికి ప్రమాదం తెస్తుంది? సాళ్ల వెడల్పుకు చక్రాలు జరపడం, హ్యాండిల్ ఎత్తును నడిపేవారికి తగినట్టు సరిచేయడం, బెల్టుకు పోయిన మూత కొత్తగా చేసి పెట్టడం మంచి మార్పులు. మూత తీసేయడం, కొక్కెం ఇరుసు కంటే పైన వెల్డింగు చేయడం చెడ్డ మార్పులు. కొక్కెం పైన ఉంటే బరువు లాగేటప్పుడు ముందు చక్రాలు లేస్తాయి. కన్ను మూసి తెరిచేలోగా ట్రాక్టరు నడిపేవాడి మీదికి తిరగబడుతుంది.

ఇంటిల్లిపాదికీ

అక్కలారా, చెల్లెళ్లారా, ఈ మాట మీకు. ట్రాక్టరు వెనుక తిరిగే పీటీవో షాఫ్టు నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9 చుట్లు తిరుగుతుంది. చీర కొంగు దానికి చిక్కితే ఒక్క సెకనులో మీటరు బట్ట చుట్టేసుకుంటుంది. అరిచే వ్యవధి కూడా ఉండదు. దానిపై మూత లేకపోతే దగ్గరకు వెళ్లకండి. మూత పెట్టేదాకా ఇంట్లోవాళ్లను ఊరుకోనివ్వకండి.

టిల్లరు నడిపే కుర్రవాళ్లకు ఇంకొక మాట. చదును నేల మీద కుడి క్లచ్ నొక్కితే బండి కుడికి తిరుగుతుంది. గట్టు దిగేటప్పుడు అదే క్లచ్ నొక్కితే ఆ చక్రం వదులై ముందుకు జారి, బండి ఎడమకు తిరుగుతుంది. ఈ తేడా తెలియకనే కాలువ గట్ల మీద బండ్లు తలకిందులవుతాయి. పల్లంలో వేగం తగ్గించండి. క్లచ్ నొక్కకుండా హ్యాండిల్‌ను చేతులతోనే తోసి తిప్పండి.

ట్రాలీలో మనుషులను ఎక్కించకండి. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరపకాయలు ఏరడానికి వెళ్తున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది చనిపోయారు. అదే ఏడు జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర మూసీ కాలువలో ట్రాక్టరు పడి 15 మంది పోయారు. ఎక్కువమంది ఆడకూలీలే. మిరప ఏరే కాలంలో మన ఊళ్లలో కూడా అలాగే ట్రాలీలు నిండుతాయి. మరువకండి.

బండి కింద దూరి పని చేసేటప్పుడు జాకీని ఒక్కదాన్నే నమ్మకండి. గట్టి చెక్క దిమ్మెలు పెట్టండి. తలుపులు మూసిన కొట్టంలో ఇంజను నడపకండి. ఆ పొగలో వాసన లేని విషం ఉంటుంది.

పిల్లలను మాత్రం దూరం పెట్టకండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు దగ్గర కూర్చోబెట్టుకోండి. అబ్బాయిలనే కాదు, అమ్మాయిలను కూడా. పానా ఏ నంబరుదో చెప్పమనండి, నట్లు లెక్కపెట్టమనండి, తారీకు వేసి ఏమి మార్చారో నోటుబుక్కులో రాయమనండి. పాడైన ప్రతిదాన్నీ పారేయనక్కర లేదని, తొందరపడితే బాగయ్యేది కూడా విరుగుతుందని వారికి ఆ పెరట్లోనే తెలుస్తుంది. ఆ పాఠం బండి కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

మీ ఇంటి మూలన అలాంటి బండి ఉంటే, అమ్మేముందు ఒక్క ఆదివారం సాయంత్రం దాని ఆయిలు పుల్ల తీసి చూడండి. అక్కడి నుండి మొదలుపెట్టండి.