సజీవ రసాయనం

హైదరాబాదు పాతబస్తీలోని బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువును ఆనుకొని నెహ్రూ జంతుప్రదర్శనశాల ఉన్నది. 1963లో సందర్శకులకు ద్వారాలు తెరిచిన ఈ ఉద్యానంలో, కోవిడ్ రెండవ విడత జనాన్ని కబళిస్తున్న 2021 వేసవిలో, ఎనిమిది ఆసియా సింహాలు అస్వస్థతకు లోనయ్యాయి. వాటికి మత్తుమందు ఇచ్చి, ముక్కు, గొంతు, శ్వాసమార్గాల నుండి నమూనాలు సేకరించారు. కణ, అణు జీవశాస్త్ర కేంద్రానికి అనుబంధంగా అత్తాపూర్‌లో పనిచేస్తున్న 'లాకోన్స్' ప్రయోగశాల ఆ నమూనాలను పరీక్షించి, సింహాలకు సోకినది కరోనా వైరసేనని మే 4న నిర్ధారించింది. చికిత్సతో అవి కోలుకున్నాయి. పత్రికలు ఆ వార్తను వింతగా ప్రచురించాయి. ప్రజలు ఆసక్తిగా చదివి మరచిపోయారు. అది రసాయన శాస్త్రానికి సంబంధించిన వార్త అన్న సంగతి మాత్రం ఎవరికీ స్ఫురించినట్లు లేదు.

ఆ పరీక్షలో జరిగినదేమిటో చూస్తే విషయం బోధపడుతుంది. వైరస్‌లోని ఆర్.ఎన్.ఏ. అణువును ముందుగా ఒక ఎంజైము సహాయంతో డి.ఎన్.ఏ.గా మారుస్తారు. డి.ఎన్.ఏ. రెండు పేటల దారం వంటిది. ఒక్కొక్క పేటలోని పరమాణువులను పట్టి ఉంచేవి బలమైన సమయోజనీయ బంధాలు. రెండు పేటలను ఒకదానితో ఒకటి జత చేసేవి బలహీనమైన హైడ్రోజన్ బంధాలు. కర్బన పరమాణువుల మధ్య బంధాన్ని తెంచడానికి మోల్‌కు దాదాపు 350 కిలోజౌళ్ల శక్తి కావాలి. హైడ్రోజన్ బంధానికి సాధారణంగా అందులో పదవ వంతు చాలు. కనుక ద్రవాన్ని సుమారు 95 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తే పేటలు విడిపోతాయి గాని, ఏ పేటా తెగిపోదు. చల్లార్చినప్పుడు విడివడిన ప్రతి పేటకూ ఎంజైము కొత్త జతను అల్లుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. ముప్పై సార్లు ఇలా జరిగితే ఒక్క అణువు నుండి నూరు కోట్లకు పైగా నకళ్లు వస్తాయి. అంతటి వేడిని తట్టుకొనే ఎంజైము మొదట లభించినది అమెరికాలోని ఎల్లోస్టోన్ ఉష్ణగుండంలో బ్రతికే ఒక బాక్టీరియా నుండి.

హైడ్రోజన్ బంధం ఇంటర్మీడియట్ విద్యార్థికి కొత్త మాట కాదు. మొదటి సంవత్సరంలోనే దాని నిర్వచనం చదువుతాడు. నీటి బాష్పీభవన స్థానం ఎందుకు ఎక్కువగా ఉంటుందో రెండు మార్కుల సమాధానంగా కంఠస్థం చేస్తాడు. తన శరీరంలోని ప్రతి కణంలో, తన తల్లి నుండి తనకు సంక్రమించిన ప్రతి లక్షణం వెనుక అదే బంధం ఉన్నదని అతనికి ఆ పాఠంలో ఎవరూ చెప్పరు. జీవాణువుల ప్రస్తావన రావడానికి రెండవ సంవత్సరం దాకా ఆగాలి. అప్పటికి ప్రవేశపరీక్షల తొందర మొదలై ఉంటుంది. ఎం.పి.సి. విద్యార్థికి ఆ పాఠం బై.పి.సి. వారి సొత్తుగా తోస్తుంది. బై.పి.సి. విద్యార్థికి అది వృక్షశాస్త్రంలో ఒకసారి, జంతుశాస్త్రంలో ఒకసారి చదివిన భాగమే కదా అనిపిస్తుంది. ఇద్దరి మధ్యా పడి ఆ పాఠం అనాథ అవుతున్నది. ఈ క్రమం మారాలి. జీవుల అణువులను రసాయన శాస్త్రానికి తోకగా తగిలించడం మాని, మొదటి పాఠం నుండే ఉదాహరణలుగా ముందుకు తేవాలి.

జీవానికీ రసాయనానికీ నడుమ గోడ కట్టడం నేటి అలవాటు కాదు. ప్రాణుల దేహాలలోని పదార్థాలు తయారు కావాలంటే ఏదో 'ప్రాణశక్తి' అవసరమని ఒకనాటి పండితులు నమ్మారు. 1828లో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ వోలర్, అకర్బన లవణమైన అమోనియం సయనేట్‌ను వేడి చేసి, మూత్రంలో ఉండే యూరియాను పొందాడు. గోడకు తొలి బీట పడింది. అయినా రెండు శతాబ్దాలు కావస్తున్న నేటికీ పాఠ్యప్రణాళికలో దాని పునాదులు పదిలంగానే ఉన్నాయి.

ఆ గోడను లెక్కచేయని తెలుగువాడు ఒకరు ఉన్నారు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య అభ్యసించి, 1922లో అమెరికా చేరారు. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి అంతకుముందే ఆయన సోదరుని పొట్టన పెట్టుకున్నది. హార్వర్డ్‌లో ఆయనకు లభించిన పని చూపులకు చాలా నీరసమైనది. రక్తంలో, కండరంలో ఫాస్ఫరస్ ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని రూపొందించాలి. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసినప్పుడు, దానిని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు గాఢతను బట్టి ఫాస్ఫరస్‌ను లెక్కకట్టవచ్చు. సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు 1925లో ప్రకటించిన ఈ పద్ధతి నేటికీ వారిద్దరి పేర్లతోనే ప్రసిద్ధం. ఇంటర్మీడియట్ ప్రయోగశాలలో లవణ విశ్లేషణ చేసేటప్పుడు ఫాస్ఫేటును గుర్తించడానికి విద్యార్థులు అమోనియం మాలిబ్డేటు కలిపి పసుపు అవక్షేపం కోసం చూస్తారు. సుబ్బారావు చేసినది ఆ ప్రయోగానికి దగ్గరి చుట్టమే.

కండరం నుండి తీసిన ద్రవాన్ని పరీక్షించినప్పుడు నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. మరొకరైతే రసాయనాలు పాతబడినవని సరిపెట్టుకొని సీసా మార్చేవారు. సుబ్బారావు, ఫిస్కే ఆ ఆలస్యానికి కారణం వెదికారు. ఫాస్ఫేటు స్వేచ్ఛగా లేదని, మరొక అణువుతో బంధింపబడి మెల్లమెల్లగా విడుదల అవుతున్నదని గ్రహించారు. అదే 1927లో వెల్లడైన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో ఏ.టి.పి. బయటపడింది. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా దానిని కనుగొన్నాడు. మనిషి దేహంలో ఏ క్షణాన చూసినా ఏ.టి.పి. కొన్ని పదుల గ్రాములకు మించి ఉండదు. కానీ అది విడిపోతూ, మళ్లీ కూడుకుంటూ ఒక దినంలో చేతులు మారే మొత్తం దాదాపు ఆ మనిషి బరువంత ఉంటుంది. సింహం పంజా విసిరినా, విద్యార్థి కలం కదిపినా ఖర్చయ్యే నాణెం అదే.

తరువాతి కాలంలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. స్ప్రూ వ్యాధికి అది ఔషధమైనది. ఆ అణువును కొద్దిగా మార్చి తయారుచేసిన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు లుకేమియా సోకిన పసిపిల్లలకు చికిత్స చేసి, తాత్కాలికంగానైనా వ్యాధి వెనుకంజ వేయడాన్ని 1948లో ప్రకటించాడు. ఆ సంవత్సరమే సుబ్బారావు కన్నుమూశారు. ఆయన వైద్యుడా, రసాయన శాస్త్రవేత్తా అని అడిగితే సమాధానం చెప్పడం కష్టం. నేటి గ్రూపుల విభజనలో ఆయనను ఏ తరగతి గదిలో కూర్చోబెట్టాలో కళాశాలలకు తోచదు.

ఈ పాఠానికి ఖరీదైన ప్రయోగశాలలే కావాలనుకోవడం పొరపాటు. రంజాన్ మాసంలో బహదూర్‌పురా పరిసరాల్లో భట్టీలపై హలీం ఉడుకుతూ ఉంటుంది. మాంసాన్ని, గోధుమలను గంటల తరబడి ఉడికించి, కర్రలతో మెదపడం వెనుక రసాయనం ఉన్నది. మాంసంలోని గట్టి పీచుకు కారణం కొల్లాజెన్ అనే ప్రొటీను. మూడు పోగులు పెనవేసుకున్న తాడు అది. ఆ పోగులను కలిపి ఉంచడంలోనూ హైడ్రోజన్ బంధాలదే ముఖ్య పాత్ర. నిదానమైన వేడికి అవి సడలి, తాడు విడివడి, కొల్లాజెన్ కాస్తా జెలటిన్ అవుతుంది. గోధుమలోని పిండిపదార్థం నీటిని పీల్చుకొని ఉబ్బుతుంది. వైరస్ పరీక్షలో పేటలను విడదీసిన సూత్రానికీ, దేగులో మాంసాన్ని కరిగించిన సూత్రానికీ భేదం లేదు. వండేవారికి ఈ పేర్లు తెలియకపోవచ్చు. ఎంత మంట, ఎంతసేపు అన్న లెక్క మాత్రం వారికి తెలుసు.

ఉపవాసమున్న విద్యార్థి దేహంలో జరిగేది కూడా అటువంటిదే. రక్తంలో ఉండే గ్లూకోజ్ మొత్తం కలిపినా ఒక చెంచాడు. అది తరిగిపోకుండా కాలేయం తనలో దాచుకున్న గ్లైకోజన్‌ను విడగొట్టి అందిస్తూ ఉంటుంది. సాయంకాలం ఖర్జూరంతో ఉపవాసం విరమిస్తే, అందులోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అప్పటికే చిన్న అణువులు గనుక జీర్ణం కావలసిన పని లేకుండా రక్తంలో కలుస్తాయి. మధుమేహం ప్రతి వీధిలోనూ వినిపిస్తున్న ఈ రోజుల్లో, ఇంట్లో తాతగారి రక్తపరీక్ష చీటీని చదివి చెప్పగలగడం విద్యార్థికి చిన్న ప్రయోజనం కాదు.

జీవాణువులు చాలా పెద్దవి, ప్రారంభదశలోని విద్యార్థికి అవి కొరుకుడు పడవు అని కొందరు అధ్యాపకులు అంటారు. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. ప్రొటీను నిర్మాణాన్ని మొదటి నెలలో బోధించమని ఎవరూ కోరరు. అయితే ఎంత పెద్ద జీవాణువైనా చిన్న పూసల దండే. పిండిపదార్థమూ, గడ్డిలోని సెల్యులోజూ రెండూ గ్లూకోజ్ పూసలే. పూసకూ పూసకూ మధ్య బంధం తిరిగిన దిశ ఒక్కటే తేడా. ఆ ఒక్క తేడా వల్ల మనిషి గోధుమ తిని బ్రతుకుతాడు, గోధుమ గడ్డి తిని బ్రతకలేడు. జంతుప్రదర్శనశాలలో దుప్పి గడ్డి మేయగలుగుతున్నదంటే, దాని కడుపులోని సూక్ష్మజీవులు ఆ బంధాన్ని తెంచగలగడమే కారణం. పక్క ఆవరణలోని సింహానికి ఆ వసతి లేదు. అణు సాదృశ్యం గురించి ఇంతకంటె సులువైన ఉదాహరణ ఏ పుస్తకంలో దొరుకుతుంది?

2007లో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం జాతికి అంకితం చేసిన లాకోన్స్‌లో జరిగే పని అంతా ఇటువంటి పాఠమే. మూషిక జింక కుందేలంత ఉండే బెదురు జంతువు. పట్టుకొని పరీక్షిస్తే భయంతోనే ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. అందుచేత శాస్త్రవేత్తలు దాని పెంటికలను ఏరి, అందులోని ప్రొజెస్టిరాన్ సంబంధిత అణువులను కొలిచి, దాని పునరుత్పత్తి స్థితిని తెలుసుకుంటారు. ఈ ప్రదర్శనశాలలో పెంచిన మూషిక జింకలను 2017లో నల్లమలలోని అమ్రాబాద్ అభయారణ్యంలో వదిలారు.

అరుదైన జంతువుల వీర్యకణాలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరిచే పద్ధతిదీ అదే కథ. కణంలోని నీరు మంచు పలుకులుగా మారితే కణం చిరిగిపోతుంది. దానిని ఆపే ఉపాయం 1949లో లండన్‌లో క్రిస్టొఫర్ పోల్జ్ బృందానికి యాదృచ్ఛికంగా చిక్కింది. ఫ్రక్టోజ్ ద్రావణమని చీటీ ఉన్న సీసాలోని ద్రవం కలిపిన కోడిపుంజు వీర్యకణాలు గడ్డకట్టి కరిగిన తరువాత కూడా చలించాయి. అదే చక్కెరతో మళ్లీ చేస్తే ఫలితం రాలేదు. మిగిలిన నాలుగు చుక్కలను విశ్లేషింపజేస్తే, అందులో చక్కెర లేదని, గ్లిజరాల్ ఉన్నదని తేలింది. గ్లిజరాల్ అణువుకు మూడు హైడ్రాక్సిల్ సమూహాలు. అవి నీటి అణువులతో హైడ్రోజన్ బంధాలు కలుపుకొని, మంచు పలుకులు కట్టకుండా అడ్డుపడతాయి.