మత్తు ఇస్తే చాలదు, లెక్క కూడా ఉండాలి

రోడ్డు ప్రమాదంలో తలకు గాయమైన వారిని ఆస్పత్రిలో చేర్పించగానే బంధువులు అడిగే మొదటి ప్రశ్న, స్పృహ ఎప్పుడు వస్తుందని. వైద్యుని ముందున్న ప్రశ్న వేరు. రోగికి స్పృహ లేకపోవడం దెబ్బ వల్లనా, ఇచ్చిన మత్తు మందు వల్లనా? ఇది తేలనిదే బంధువులకు సరైన సమాధానం చెప్పడం సాధ్యం కాదు. మత్తుకు లెక్క రాసిపెట్టని చోట ఇది తేలదు.

ఇటువంటి రోగికి మత్తు ఇవ్వడం తప్పేమీ కాదు. దెబ్బ తిన్న మెదడు వాస్తుంది. కపాలం గట్టి ఎముక కనుక వాచిన మెదడుకు లోపల చోటు చాలదు. ఒత్తిడి పెరిగి రక్త ప్రసారం తగ్గుతుంది. గొట్టం వేసి వెంటిలేటర్‌పై ఉంచిన రోగి దగ్గినా, పెనుగులాడినా ఆ ఒత్తిడి మరింత పెరుగుతుంది. ప్రొపోఫాల్, మిడజోలం వంటి మత్తు మందులు, ఫెంటనిల్ వంటి నొప్పి మందులు ఇచ్చేది అందుకే.

చిక్కల్లా ఆ తర్వాతే. తల గాయం తీవ్రతను కొలవడానికి గ్లాస్గో విశ్వవిద్యాలయ వైద్యులు టీస్‌డేల్, జెన్నెట్ 1974లో ఒక పద్ధతి ప్రకటించారు. కళ్లు తెరవడం, మాట్లాడడం, కాళ్లు చేతులు కదపడం చూసి 3 నుంచి 15 వరకు మార్కులు వేస్తారు. 8, అంతకు తక్కువ వస్తే గాయం తీవ్రమైనదని అర్థం. మత్తులో ఉన్న రోగికి ఈ మార్కులు ఎలాగూ పడిపోతాయి. లోపల రక్తపు గడ్డ పెరుగుతున్నా పైకి తెలియదు. ఫెంటనిల్ వల్ల కనుపాపలు చిన్నవవుతాయి. అయితే ఒక కనుపాప మాత్రమే పెద్దదైతే దానిని మత్తు ప్రభావమని సరిపెట్టుకోరాదు. అది ప్రమాద సూచన.

మత్తు లోతు కొలవడానికీ పద్ధతి ఉన్నది. అమెరికాలోని రిచ్‌మండ్ వైద్యులు 2002లో ప్రచురించిన కొలమానంలో ప్రశాంతంగా మెలకువతో ఉన్న రోగికి సున్న వేస్తారు. పెనుగులాట పెరిగే కొద్దీ ప్లస్ 4 వరకు, మత్తు లోతయ్యే కొద్దీ మైనస్ 5 వరకు అంకె మారుతుంది. నర్సు రోగిని గమనించి, పేరు పెట్టి పిలిచి, పలకకపోతే భుజం తట్టి చూసి అంకె రాస్తుంది. దీనికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. మెదడు తరంగాలను బట్టి అంకె చూపే యంత్రాలున్నా, గాయం వల్ల ఆ తరంగాలే మారిపోతాయి కనుక వాటినొక్కదాన్నే నమ్ముకోలేము.

రోజుకొకసారి మత్తు ఆపి చూస్తే సరిపోతుంది కదా అనవచ్చు. సాధారణ ఇంటెన్సివ్ కేర్ రోగులలో అలా చేస్తే వెంటిలేటర్ అవసరమయ్యే రోజులు తగ్గాయని 2000లో వెలువడిన చికాగో పరిశోధన చూపింది. మెదడులో ఒత్తిడి పెరిగిన రోగికి దానిని గుడ్డిగా వర్తింపజేయరాదు. పైగా మూత్రపిండాలు దెబ్బతిన్న వారిలో మిడజోలం ప్రభావం మందు ఆపిన తర్వాత కూడా చాలాసేపు నిలుస్తుంది. ఆపి గంటలైంది గనుక మత్తు దిగి ఉంటుందని ఊహించడం ప్రమాదం.

రోగిని జిల్లా ఆస్పత్రి నుంచి విశాఖ కింగ్ జార్జి ఆస్పత్రికో, హైదరాబాద్ నిమ్స్‌కో తరలించేటప్పుడు ఈ లెక్క మరింత ముఖ్యం. చీటీలో "తలకు గాయం, స్పృహ లేదు" అని మాత్రమే ఉంటే అక్కడి వైద్యులకు మిగిలేది ఊహే. మత్తు ఇవ్వకముందు వచ్చిన మార్కులు, కనుపాపల స్థితి, మందు పేరు, మోతాదు, చివరిసారి ఇచ్చిన సమయం రాయడానికి నాలుగు పంక్తులు చాలు. కండరాలను సడలించే మందు ఇచ్చి ఉంటే అదీ రాయాలి.

ఇది కాగితాల పట్టింపు కాదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కింద బ్రెయిన్ డెత్ ధ్రువీకరించే ముందు మత్తు మందుల ప్రభావం లేదని వైద్యులు నిర్ధారించుకోవాలి. ఏ మందు ఎప్పుడు ఇచ్చారో రాసి లేకపోతే ఆ నిర్ధారణకు ఆధారమేది? ఇక ఆశ లేదన్న మాట ఒక కుటుంబానికి చెప్పే ముందు ఆ లెక్క చేతిలో ఉండి తీరాలి.

నర్సుల కొరత ఉన్న వార్డులో గంట గంటకూ అంకె రాయడం కష్టమే. ఆ కష్టం తీర్చవలసింది ఖాళీలు భర్తీ చేసి. లెక్క మానేసి కాదు. ప్రతి ఇంటెన్సివ్ కేర్ వార్డులో మత్తు నమోదు పత్రం, ప్రతి రిఫరల్ చీటీలో మందుల వివరం తప్పనిసరి చేస్తూ వైద్యాధికారులు వెంటనే ఆదేశాలివ్వాలి. బంధువులు కూడా స్పృహ ఎప్పుడు వస్తుందని అడగడంతోపాటు, ఏ మత్తు ఇస్తున్నారు, ఎప్పుడు తగ్గించి చూస్తారని అడగాలి. అది వైద్యుని శంకించడం కాదు, వారికున్న హక్కు.