పేరు నాది, పెత్తనం నీదా?

మనిషికి భూమి లేకపోవచ్చు, ఇల్లు లేకపోవచ్చు. పేరుంటుంది, మొహముంటుంది. ఆ పేరూ మొహమూ చూపించి ఎవరెవరో కోట్లు గడిస్తుంటే, వాటి సొంతదారుడు మాత్రం పైసా ముట్టకూడదు, ముట్టుకుంటే మైలపడతాడు అని ఒక సంఘం శాసిస్తే దాన్నేమనాలి? మన ఊళ్లల్లో సొమ్మొకడిది సోకొకడిది అంటారు. అమెరికాలో దానికి ‘అమెచ్యూరిజం’ అని పేరు పెట్టారు. డబ్బు కోసం కాకుండా ఆట మీది ప్రేమతో ఆడటమని అర్థం చెప్పారు. ప్రేమ ఆడేవాడికి, డబ్బు ఆడించేవాడికి!

అమెరికా కాలేజీ ఆటగాళ్ల గొడవ మన పత్రికకెందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. కూలి ఎగ్గొట్టాలనుకున్న యజమాని ముందు ఒక మాట తయారు చేస్తాడు, తర్వాత రూలు రాస్తాడు, ఆ తర్వాత కోర్టుకు పోతాడు. ఈ మూడూ ఎట్లా జరుగుతాయో ఇంత విడమర్చి చూపించే కేసు ఇంకొకటి దొరకడం కష్టం. అందుకని.

మన దగ్గర కాలేజీ ఆటలంటే గ్రౌండులో సున్నం గీతలు, చూసేవాళ్లు పదుల్లో. అక్కడ సంగతి వేరు. మిషిగన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియంలో లక్షా ఏడు వేలమంది కూర్చుంటారు. (వాళ్ల ఫుట్‌బాల్ బంతిని చేత పట్టుకుని పరిగెత్తే ఆట, మనం తన్నే ఆట కాదు.) ప్రతి మార్చిలో జరిగే కాలేజీ బాస్కెట్‌బాల్ పోటీల టీవీ హక్కుల్ని 2010లో 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లకు అమ్మారు. 2016లో ఇంకో 880 కోట్ల డాలర్లకు 2032 దాకా పొడిగించారు. చాలా రాష్ట్రాల్లో సర్కారు జీతగాళ్లందరిలో ఎక్కువ జీతం గవర్నరుకు రాదు, కాలేజీ టీము కోచ్‌కు వస్తుంది. అలబామా యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ నిక్ సేబన్ చివరి రోజుల్లో ఏడాదికి కోటి డాలర్ల పైన తీసుకున్నాడు. ఎముకలు విరగ్గొట్టుకునే కుర్రాళ్లకు మాత్రం ఫీజు, హాస్టలు, తిండి. ఈ రెండు ఆటల పెద్ద టీముల్లో ఆడేవాళ్లలో సగం దాకా నల్లజాతి పిల్లలే. ‘తిండి పెడుతున్నా, బట్టలిస్తున్నా, ఇంకా జీతమెందుకురా’ అని పాలేరును అడిగిన దొర గొంతు మీకు గుర్తొస్తే తప్పు మీది కాదు.

ఈ పెత్తనం చేసే సంఘం పేరు నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్, పొట్టిగా ఎన్.సి.ఎ.ఎ. 1906లో పుట్టింది. కాలేజీలే దాని సభ్యులు, కాలేజీలే దాని ఓటర్లు. రూల్సన్నీ ఆటగాళ్ల మీదే. 1955లో కొలరాడోలో రే డెన్నిసన్ అనే విద్యార్థి ఫుట్‌బాల్ ఆడుతూ తలకు దెబ్బ తగిలి చచ్చిపోయాడు. పనిలో చచ్చిపోయిన కార్మికుడికిచ్చే పరిహారం ఇవ్వండని అతని భార్య అడిగింది. కాలేజీకి ఫుట్‌బాల్ వ్యాపారం కాదు, కాబట్టి అతను పనివాడు కాదు అని 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇట్లాంటి దావాలకు అడ్డుకట్టగానే ఎన్.సి.ఎ.ఎ. ఆ రోజుల్లో ‘స్టూడెంట్ అథ్లెట్’ అనే మాట తయారు చేసింది. విద్యార్థి అంటే పనివాడు కాదు. పనివాడు కాకపోతే జీతం లేదు, పరిహారం లేదు, యూనియన్ లేదు. ఈ మాట వెనకున్న కథ చెప్పింది ఆ సంఘాన్ని 1951 నుంచి దగ్గర దగ్గర నలభై ఏళ్లు నడిపిన వాల్టర్ బయర్సే. పదవి దిగాక 1995లో పుస్తకం రాసి, తాను కట్టిన కోట మీద తానే రాయి విసిరాడు. కుర్చీలో ఉన్నప్పుడు విసిరుంటే ఎంత బాగుండేది!

రూల్సు ఎంత దాకా పోయినయ్యో చూడండి. జెరెమీ బ్లూమ్ అనే కుర్రాడు మంచు మీద స్కీయింగ్ చేసేవాడు, 2002 వింటర్ ఒలింపిక్స్‌కు పోయాడు. కొలరాడో కాలేజీలో ఫుట్‌బాల్ కూడా ఆడాలనుకున్నాడు. వేరే ఆటలో జీతం తీసుకుంటూ కాలేజీలో ఇంకో ఆట ఆడొచ్చని రూలుంది. కానీ స్కీయింగ్‌లో జీతాలుండవు, కంపెనీల ప్రకటనలే బతుకుతెరువు. ప్రకటనలో కనపడితే కుదరదన్నారు. కోర్టుకు పోయాడు, 2004లో ఓడిపోయాడు. 2010లో జార్జియా యూనివర్సిటీ ఆటగాడు ఎ.జె. గ్రీన్ తాను ఆడిన చొక్కా తానే వెయ్యి డాలర్లకు అమ్ముకున్నందుకు నాలుగు మ్యాచ్‌లు బయట కూర్చోబెట్టారు. అదే నంబరు చొక్కాలు యూనివర్సిటీ దుకాణంలో అమ్ముతూనే ఉన్నారు. 2014లో కనెక్టికట్ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ కప్పు తెచ్చిపెట్టిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకుంటున్నానని విలేకర్ల ముందు చెప్పాడు. దేశమంతా చెప్పుకున్నాక గానీ తిండి మీద పరిమితి ఎత్తెయ్యలేదు. అంతకుముందు ఒక రూలుండేది: భోజనాల మధ్య ఆటగాడికి రొట్టె ఇవ్వొచ్చు, దాని మీద పూసుకునేది ఇవ్వకూడదు. నవ్వులాటకు రాస్తున్నది కాదు.

జీతం బదులు చదువిస్తున్నాం అంటారు. బడిపంతుల్ని కాబట్టి ఈ మాట దగ్గర నాకు ఒళ్లు మండుతుంది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాళ్లు సీజన్లో వారానికి 40 నుంచి 50 గంటలు ఆటకే పెడుతున్నారని 2014లో కార్మిక బోర్డు ప్రాంతీయ అధికారి లెక్క తేల్చాడు. ఆ టీము నాయకుడు కెయిన్ కోల్టర్ డాక్టరు కావాలనుకున్నాడు, ప్రాక్టీసుతో క్లాసు వేళలు కుదరక ఆ దారి మానుకోవాల్సి వచ్చింది. ఇక నార్త్ కరొలినా యూనివర్సిటీలో పద్దెనిమిదేళ్ల పాటు క్లాసే జరగని క్లాసులు నడిచాయి. హాజరు లేదు, పాఠం లేదు, ఒక పేపరు రాసిస్తే మార్కులు. 3,100 మందికి పైగా విద్యార్థులు వాటిల్లో పేరు రాయించుకున్నారు, అందులో సగం దాకా ఆటగాళ్లే. ఆ క్లాసులు ఆటగాళ్లకొక్కళ్లకే పెట్టినవి కావు కాబట్టి మా రూలు తప్పలేదు అని 2017లో ఎన్.సి.ఎ.ఎ. చేతులు దులుపుకుంది. చొక్కా అమ్ముకున్నవాడికి శిక్ష, చదువును అమ్ముకున్నవాళ్లకు క్షమాపణ!

ఇక కోర్టుల కథ. ఎడ్ ఒబానన్ 1995లో లాస్ ఏంజెలెస్ యూనివర్సిటీకి బాస్కెట్‌బాల్ కప్పు గెలిపించినవాడు. ఏళ్ల తర్వాత లాస్ వేగాస్ దగ్గర కార్లు అమ్మే ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఒక స్నేహితుడి ఇంట్లో పిల్లవాడు వీడియో గేమ్ ఆడుతున్నాడు. తెర మీద తనే! అదే 31 నంబరు, అదే ఎడమచేతి వాటం, అదే రంగు. పేరొక్కటే రాయలేదు. అమ్ముకున్నది కంపెనీ, వాటా తీసుకున్నది కాలేజీల సంఘం. 2009లో దావా వేశాడు. 2014లో జడ్జి క్లాడియా విల్కెన్ ఇది గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని తీర్పిచ్చి, చదువు అయ్యాక చేతికందేట్టు ఏడాదికి 5,000 డాలర్ల దాకా ఇవ్వొచ్చన్నారు. 2015లో పై కోర్టు చట్టవిరుద్ధమే అంటూనే ఆ 5,000 కొట్టేసింది. చేతికొచ్చింది నోటికందలేదు.

ఆ చట్టం 1890 నాటిది, షెర్మన్ చట్టం అంటారు. అదేమిటో పత్తి రైతుకు వేరే చెప్పక్కర్లేదు. మార్కెట్ యార్డులో వ్యాపారులంతా కూడబలుక్కుని ఇంతకు మించి ఎవరూ పాడొద్దని రింగు కడితే ఏమవుతుంది? కాలేజీలన్నీ కలిసి ఆటగాడికి ఇంతకు మించి ఇవ్వొద్దని కట్టుకున్న రింగు కూడా అదే. విచిత్రమేమిటంటే, ఇదే చట్టాన్ని పట్టుకుని 1984లో ఓక్లహోమా, జార్జియా యూనివర్సిటీలు తమ టీవీ డబ్బును ఎన్.సి.ఎ.ఎ. గుప్పిట్లోంచి విడిపించుకున్నాయి. ఆ తీర్పులోనే, ఆటగాళ్లకు డబ్బివ్వకపోవడం ఆట ప్రత్యేకత అన్నట్టు పక్కమాటగా రాసిన వాక్యాన్ని కవచం చేసుకుని 37 ఏళ్లు కొట్లాడారు. 2021 జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా ఆ కవచం ఊడబెరికారు. ఆ కేసు చదువుకు సంబంధించిన సాయాల మీద పరిమితుల వరకే. అయినా జడ్జి కావనా విడిగా రాస్తూ, ఎన్.సి.ఎ.ఎ. చట్టానికి అతీతమేం కాదని తేల్చి చెప్పాడు. అంతకుముందే 2019లో కాలిఫోర్నియా ఆటగాళ్ల పేరు, బొమ్మ ఆటగాళ్లవేనని చట్టం చేసింది, మిగతా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఇక పట్టు నిలవదని 2021 జూలై 1 నుంచి ప్రకటనల డబ్బు తీసుకోనిచ్చారు.

గెలిచారు కదా అని ఇక్కడ ఆపితే సగం కథ. పేరున్న కొద్దిమందికి లక్షల డాలర్లు వచ్చాయి, ఎక్కువమందికి చిల్లర. మన జిల్లాల నుంచి పిల్లల్ని అమెరికా పంపిన తల్లిదండ్రులకు ఎఫ్-1 వీసా తెలుసు, దాంట్లో సంపాదన మీద ఎన్ని కట్టుబాట్లున్నాయో తెలుసు. వేరే దేశాల నుంచి వచ్చిన ఆటగాళ్లూ అదే వీసా మీద ఉంటారు. పక్కవాడు ప్రకటన ఒప్పందం రాసుకుంటుంటే వీళ్లు వీసా పోతుందేమోనని చూస్తూ కూర్చోవాలి.

2025 జూన్ 6న హౌస్ కేసులో రాజీకి అదే జడ్జి విల్కెన్ ఆమోదం తెలిపారు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్ల బకాయి. మొదటి ఏడాది ఒక్కో కాలేజీ తన ఆటగాళ్లకు నేరుగా 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా పంచొచ్చు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ ఆ ‘దాకా’ అనే మాట దగ్గర ఆగి చూడండి. గీత గీసింది ఎవరు? లాయర్లూ కాలేజీ పెద్దలూ కూర్చుని గీశారు. ఆటగాళ్లు ఎన్నుకున్న మనిషి ఒక్కడు ఆ బల్ల దగ్గర లేడు, ఎందుకంటే వాళ్లకు యూనియన్ లేదు. బయటి కంపెనీలతో చేసుకునే ఒప్పందం 600 డాలర్లు దాటితే చెప్పి చూపించి ఒప్పించుకోవాలి. అందుకు పెద్ద కాలేజీల కూటములు కొత్త కమిషన్ పెట్టాయి. కర్ర ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి పోయింది. పాత బకాయిలో నూటికి 75 పాళ్లు ఫుట్‌బాల్‌కు, 15 మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కు, 5 ఆడవాళ్ల బాస్కెట్‌బాల్‌కు, మిగతా ఆటలన్నిటికీ కలిపి 5. చదువులో ఆడా మగా తేడా చూపొద్దన్న 1972 నాటి చట్టం ఏమైందని కొందరు ఆడపిల్లలు ఆ జూన్‌లోనే అప్పీలుకు వెళ్లారు, పంపకం ఆగింది. టీముకు ఇంతమందే అని కొత్త లెక్క రావడంతో స్కాలర్‌షిప్పు లేకుండా చెమటోడ్చిన పిల్లల్ని చాలాచోట్ల ముందే బయటికి పంపారు. వాళ్ల గోడు వినేదాకా ఆ జడ్జి రాజీ మీద సంతకం పెట్టలేదు, అది మాత్రం మెచ్చుకోవాలి.

ఆటగాళ్లకు డబ్బిస్తే ఫుట్‌బాల్ సొమ్ముతో బతికే ఈత, పరుగు టీములు మూతపడతాయని కాలేజీలు అంటున్నాయి. ఆ భయం ఉత్తది కాదు. అయితే ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు కోటి డాలర్ల కోచ్ గుర్తుకు రాకుండా ఈతకొట్టే పిల్లే ఎందుకు గుర్తొస్తుందో వాళ్లే చెప్పాలి.

2025లో అమెరికా పార్లమెంటులో ప్రవేశపెట్టిన స్కోర్ బిల్లు చదివితే వాళ్ల అసలు భయం తెలుస్తుంది. గుత్తాధిపత్య దావాల నుంచి ఎన్.సి.ఎ.ఎ.కు రక్షణ, ఆటగాళ్లు ఉద్యోగులు కారనే మాట, రెండూ అందులో పెట్టారు. డబ్బు కొంత ఇస్తారు. కూర్చుని బేరమాడే హక్కు మాత్రం ఇవ్వరు. నార్త్‌వెస్టర్న్ ఆటగాళ్లు 2014 ఏప్రిల్లో యూనియన్ కోసం ఓట్లు వేస్తే, 2015లో కార్మిక బోర్డు ఈ వ్యవహారం మాకొద్దని తప్పుకుంది. ఆ ఓట్లు లెక్కపెట్టనే లేదు. 2024 మార్చిలో డార్ట్‌మత్ కాలేజీ బాస్కెట్‌బాల్ టీము ఇంకోసారి ప్రయత్నించింది. ఆ కాలేజీ పనివాళ్ల యూనియన్లోనే మేమూ చేరతామని పదిహేనుమందిలో పదముగ్గురు ఓటేశారు. ఈసారి లెక్కపెట్టారు. కాలేజీ చర్చలకు రాలేదు. ప్రభుత్వం మారుతున్నది, కొత్త బోర్డు ఎదురు తీర్పిస్తే దేశంలోని ఆటగాళ్లందరికీ దెబ్బ తగులుతుందని యూనియన్ వాళ్లు 2024 డిసెంబరు 31న దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు.